పిల్లలతో దూర ప్రయాణానికి సెయిల్ బోట్‌లో ఏ ఎలక్ట్రానిక్స్ పెట్టుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కుటుంబంతో సెయిల్ బోట్ ఎక్కి నెలల తరబడి తిరుగుదాం అనుకునేవాళ్ళకి ఎప్పుడూ ఇవే డౌట్లు వస్తుంటాయి, ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలని ఇది తయారుచేశా. మీరు ఏ స్టేజ్‌లో ఉన్నారో ఆ భాగం చూసుకోండి, వరసగా చదవక్కర్లేదు. ఏ సామాను గురించైనా నేను చూసేది ఒక్కటే: బోట్‌లో అన్నీ తెలిసిన మనిషి జ్వరమొచ్చి పడుకున్న రాత్రి, మిగతావాళ్ళు దాంతో బోటుని క్షేమంగా నడపగలరా లేదా అని.

## ఇంకా ఏమీ కొనకముందు

బడ్జెట్ తక్కువ, అన్నీ ఒకేసారి కొనలేం. ముందు ఏవి కొనాలి?

ముందు ప్రాణం కాపాడేవి. రిజిస్టర్ చేసిన ఈపర్బ్ (ఆపదలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే బీకన్) ఒకటి, డీఎస్‌సీ ఎర్ర బటన్ (నొక్కితే ఆపద సందేశం దానంతటదే పోయేది) ఉన్న ఫిక్స్‌డ్ వీహెచ్ఎఫ్ రేడియో (దగ్గర్లోని ఓడలతో, తీరంతో మాట్లాడేది) ఒకటి, నీళ్ళలో పడినా పాడవని చేతి వీహెచ్ఎఫ్ ఒకటి. తర్వాత లోతు చూపించే డెప్త్ సౌండర్, ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ (మన బోటు పేరు, చోటు చుట్టుపక్కల ఓడలకి పంపి, వాళ్ళవి మనకి చూపించేది). ఆ తర్వాత చుక్కాని తనే తిప్పే గట్టి ఆటోపైలట్, దాన్ని రోజంతా నడపగల బ్యాటరీలు, సోలార్. ఈ మూడింటినీ ఒకే ఖర్చు కింద లెక్కేయండి, ఎందుకంటే కరెంటు చాలని ఆటోపైలట్ అర్ధరాత్రి ఆగిపోతుంది. రాడార్ దాని తర్వాత. పెద్ద టచ్ స్క్రీన్ చార్ట్‌ప్లాటర్ (సముద్రపు మ్యాప్ మీద మన చోటు చూపించేది) ఆఖర్న కొన్నా నష్టం లేదు, చాలామంది మొదట కొనేది మాత్రం అదే.

పాత బోటు కొన్నాం, పాత ఇన్‌స్ట్రుమెంట్లన్నీ పీకేసి కొత్తవి పెట్టాలా?

పనిచేస్తున్నవాటిని ఉంచండి. పాత డెప్త్ సౌండర్, గాలి మీటర్ పరికరాలు ఒకదానికొకటి డేటా పంపుకునే పాత ఎన్ఎమ్ఈఏ 0183 భాషలో మాట్లాడేవైతే చిన్న కన్వర్టర్ పెట్టి కొత్త ఎన్ఎమ్ఈఏ 2000 నెట్‌వర్క్‌లో కలపొచ్చు. డబ్బులు వేరేచోట పెట్టాలి: నల్లబడిపోయిన వైర్లు, మాస్ట్ (తెరచాప స్తంభం) పైనుంచి దిగే యాంటెనా కేబుల్, డేట్ అయిపోయిన ఈపర్బ్ బ్యాటరీ, డీఎస్‌సీ లేని రేడియో. ఇవి మార్చకుండా కొత్త స్క్రీన్లు పెడితే ఏమీ బాగుపడదు. ఎక్కడికీ కలవని చచ్చిన వైర్లు గోడల్లో కట్టలు కట్టలుగా ఉంటాయి, వాటిని మాత్రం మొత్తం లాగి పారేయండి, రేపు ఏదైనా పాడైతే వెతకడం సగం తేలికవుతుంది.

అన్నీ ఒకే కంపెనీవి తీసుకోవాలా?

రాడార్, చార్ట్‌ప్లాటర్ ఒకే కంపెనీవి ఉండాలి, ఎందుకంటే రాడార్ బొమ్మ ఆ కంపెనీ సొంత పద్ధతిలో వస్తుంది, వేరేవాళ్ళ స్క్రీన్ మీద సాధారణంగా రాదు. ఆటోపైలట్ కంప్యూటర్, దాని కంట్రోల్ బటన్లు కూడా ఒకే కంపెనీవి అయితే తలనొప్పి తక్కువ. మిగతావి, అంటే ఏఐఎస్, జీపీఎస్, గాలి, లోతు, ఇవి గార్మిన్ ఒకటి, రేమరీన్ ఒకటి, ఫురునో ఒకటి ఉన్నా ఎన్ఎమ్ఈఏ 2000 మీద మామూలుగా కలిసిపోతాయి.

ఫోను, ట్యాబ్లెట్ ఉన్నాయి కదా, చార్ట్‌ప్లాటర్ ఎందుకు?

తీరం దగ్గర మంచి వాతావరణంలో ట్యాబ్లెట్‌తో నిజంగానే పని అయిపోతుంది. కాక్‌పిట్‌లో ఎండకి అది వేడెక్కి ఆగిపోతుంది, వాన చినుకులు పడితే టచ్ మనమాట వినదు, రాత్రి ఛార్జింగ్ సాకెట్‌లో ఉప్పు చేరి ఛార్జ్ అవ్వదు. అందుకే బయట ఒక మెరైన్ ప్లాటర్, చిన్నదైనా సరే, ఉండాలి; లోపల ట్యాబ్లెట్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో అవే చార్టులు ఇంకోసారి ఉండాలి. ల్యాప్‌టాప్‌కి ఓపెన్‌సీపీఎన్ అనే చార్ట్ ప్రోగ్రామ్ ఉచితం, చాలా బాగుంటుంది. ఒక్క జాగ్రత్త, సిమ్ పెట్టే వీలు లేని వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, బయటి రిసీవర్ కలపాలి. చార్టులు ముందే డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్ ఆపేసి తెరిచి చూసుకోండి.

## కరెంటు సంగతి

రోజుకి ఎంత కరెంటు కావాలో లెక్క ఎలా వేయాలి?

ఒక్కో సామాను ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో గుణించి కూడండి, అంతే. 12 వోల్టుల బోట్‌లో సముద్రం మధ్యలో ఒక రోజు ఉదాహరణకి ఇలా ఉండొచ్చు: ఆటోపైలట్ సగటున 3 ఆంపియర్లు, 24 గంటలకి 72. ఫ్రిజ్ ఒక 50. ప్లాటర్, ఇన్‌స్ట్రుమెంట్లు కలిపి ఒకటిన్నర చొప్పున 36. వీహెచ్ఎఫ్, ఏఐఎస్ కలిపి 15. ఎల్ఈడీ నావిగేషన్ లైటు 4. శాటిలైట్ ఇంటర్నెట్ ఎనిమిది గంటలు పెడితే 20. ఫ్యాన్లు, ఫోన్లు, పిల్లల ట్యాబ్లెట్లు 25. మొత్తం 222 ఆంప్ అవర్లు.

ఇందులో ఫ్యాన్లు, ట్యాబ్లెట్ల దగ్గర అందరూ తక్కువ రాసుకుంటారు, నలుగురు మనుషులున్న బోట్‌లో ఆ గీత మీరనుకున్నదానికన్నా పెద్దదే. లంగరు వేసి ఉన్న రోజుకి వేరే లెక్క వేయండి, అక్కడ ఆటోపైలట్ ఉండదు కానీ ఇంటర్నెట్, సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే వాటర్‌మేకర్ పెరుగుతాయి. రెండు లెక్కల్లో పెద్దదానికి తగ్గట్టు సిస్టమ్ కట్టుకోవాలి.

లిథియం బ్యాటరీలకి మారాలా, లెడ్ యాసిడ్ చాలా?

లెడ్ యాసిడ్‌ని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుష్షు పోతుంది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ని 80 శాతం దాకా హాయిగా వాడుకోవచ్చు, బరువు తక్కువ, ఛార్జ్ త్వరగా ఎక్కుతుంది. దూరం వెళ్ళే కుటుంబానికి లిథియమే నా సలహా. అయితే పాతది తీసి అదే చోట కొత్తది పెట్టేస్తే అయిపోదు. లిథియం ఎంతిస్తే అంత లాక్కుంటుంది, మామూలు ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది, కాబట్టి ఉష్ణోగ్రత చూసి తగ్గించే బయటి రెగ్యులేటర్ గానీ డీసీ టు డీసీ ఛార్జర్ గానీ పెట్టాలి. బ్యాటరీ లోపలి బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ మధ్యలో టక్కున కట్ చేసిందంటే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లే కాదు, స్క్రీన్లు కూడా పోవచ్చు. పాజిటివ్ వైపు బ్యాటరీకి ఆనుకుని క్లాస్ టీ ఫ్యూజు (భారీ కరెంటుని కూడా కట్ చేయగలిగేది) తప్పనిసరి.

లిథియం వోల్టేజ్ దాదాపు చివరిదాకా 13 చుట్టూనే ఉంటుంది కాబట్టి వోల్ట్ మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, షంట్ (వచ్చే, పోయే కరెంటు కొలిచేది) ఉన్న బ్యాటరీ మానిటర్ కావాలి. ఆ మానిటర్‌లో శాతం చూడటం పిల్లలకి కూడా నేర్పొచ్చు, మా బోట్‌లో పొద్దున్నే అది చదివి లాగ్‌బుక్‌లో రాసేది పిల్లలే. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీని మాత్రం విడిగా లెడ్ యాసిడ్‌లోనే ఉంచేయండి.

సోలార్ ఒక్కటే చాలా? విండ్ జనరేటర్ కూడా కావాలా?

ఉష్ణమండలంలో మంచి ఎండలో 100 వాట్ల ప్యానెల్ రోజుకి 25 నుంచి 35 ఆంప్ అవర్లు ఇస్తుంది. రోజుకి 220 కావాలంటే 700, 800 వాట్లు ఉండాలి, అది కూడా నీడ పడకపోతేనే. మాస్ట్ నీడ, తాడు నీడ ఒక గీతలా పడినా ఆ ప్యానెల్ చాలావరకు పడిపోతుంది, అందుకే ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో చిన్న ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టేది) పెడితే మంచిది.

విండ్ జనరేటర్ విషయంలో జనం మరిచిపోయేది ఒకటుంది. ట్రేడ్ విండ్స్‌లో (ఉష్ణమండలంలో దాదాపు ఎప్పుడూ ఒకే దిక్కునుంచి వీచే గాలులు) గాలి వెనకనుంచి వస్తుంది, 15 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) గాలిలో 6 నాట్లతో పోతుంటే మన ఫ్యానుకి తగిలేది 9 మాత్రమే, గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది కాబట్టి దాదాపు ఏమీ రాదు. సముద్రం దాటే రోజుల్లో నీళ్ళలో లాగే హైడ్రో జనరేటర్ మేలు, రాత్రి కూడా తిరుగుతుంది, 5 నాట్లకి 100 వాట్లు దాటి ఇచ్చేవి ఉన్నాయి.

## దారి, ఎదురొచ్చే ఓడలు

ఏఐఎస్ రిసీవర్ చాలు కదా, ట్రాన్స్‌పాండర్‌కి ఎక్కువ డబ్బు ఎందుకు?

రిసీవర్ ఉంటే ఓడలు మీకు కనిపిస్తాయి, మీరు వాళ్ళకి కనిపించరు. ఇద్దరు పెద్దవాళ్ళు వంతులేసుకుని రాత్రి కాపలా కాసే బోట్‌లో ఇది చాలా పెద్ద తేడా. 18 నాట్ల ఓడ, 6 నాట్ల మీరు ఎదురెదురుగా వస్తే 8 మైళ్ళ దూరం 20 నిమిషాల్లో అయిపోతుంది. ట్రాన్స్‌పాండర్ ఉంటే ఆ ఓడ బ్రిడ్జి మీద మీ బోటు పేరు, వేగం, దిశ కనబడతాయి, మీరు కూడా వీహెచ్ఎఫ్‌లో ఆ ఓడని పేరు పెట్టి పిలవొచ్చు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు.

చిన్న బోట్లకి ఉండేది క్లాస్ బీ. అందులో 2 వాట్ల పాత రకం, 5 వాట్ల ఎస్ఓటీడీఎమ్ఏ రకం ఉన్నాయి, రెండోది ఎక్కువ దూరం పోతుంది, రద్దీ చోట్ల కూడా తన టైమ్ స్లాట్ ముందే పట్టుకుంటుంది, అదే కొనండి. అలారం మాత్రం దూరాన్ని బట్టి కాకుండా సీపీఏ, టీసీపీఏ మీద పెట్టండి, అంటే ఎంత దగ్గరగా వస్తుంది, ఎంతసేపట్లో వస్తుంది అని.

ఏఐఎస్ ఉంటే రాడార్ ఎందుకు?

ఏఐఎస్ పెట్టుకున్నవాడే ఏఐఎస్‌లో కనిపిస్తాడు. చేపల పడవలు చాలావాటికి ఉండదు, కొందరు కావాలనే ఆపేస్తారు. వానని, స్క్వాల్‌ని (ఒక్కసారిగా విరుచుకుపడే గాలివాన), తీరం అంచుని, చార్ట్ తప్పుగా ఉన్న ద్వీపాన్ని చూపించేది రాడారే. రాత్రిపూట స్క్వాల్ రాడార్‌లో మైళ్ళ దూరంలో ఒక మచ్చలా వస్తుంటే తెరచాప ముందే తగ్గించుకోవచ్చు, పిల్లలు నిద్రపోతున్నప్పుడు అది ఎంత ప్రశాంతమో పడ్డవాళ్ళకే తెలుసు.

ఇప్పటి సాలిడ్ స్టేట్ డోమ్‌లు పాత మాగ్నెట్రాన్ వాటికన్నా కరెంటు తక్కువ తింటాయి, ఆన్ చేయగానే పనిచేస్తాయి. కానీ రాడార్ చదవడం ప్రాక్టీస్‌తోనే వస్తుంది. ఎండగా ఉన్న పగలు ఆన్ చేసి, కంటికి కనిపించేదాన్ని స్క్రీన్ మీద గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి, పొగమంచులో మొదటిసారి నేర్చుకునే విద్య కాదు ఇది.

చార్ట్‌లో చూపించింది నమ్మొచ్చా?

నమ్మాలి, కానీ జూమ్ చేసి నమ్మాలి. వెక్టర్ చార్టుల్లో దూరం నుంచి చూస్తే చిన్న దిబ్బలు, రీఫ్‌లు (నీటి కింది పగడపు, రాతి గుట్టలు) స్క్రీన్ మీంచి మాయమవుతాయి. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్‌లో టీమ్ వెస్టాస్ విండ్ బోటు హిందూ మహాసముద్రంలో కార్గడోస్ కరహోస్ రీఫ్‌కి రాత్రిపూట గుద్దుకుంది, అంతా ప్రొఫెషనల్ నావికులే, రీఫ్ చార్టులో ఉంది కూడా, తగినంత జూమ్ చేసి చూడకపోవడం అసలు కారణాల్లో ఒకటి. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. రూటు గీసుకున్నాక మొదటి నుంచి చివరిదాకా దగ్గరి జూమ్‌లో వేలు పెట్టి నడిపించి చూడండి, ఇది ఇద్దరు విడివిడిగా చేస్తే ఇంకా మంచిది.

మారుమూల ద్వీపాల దగ్గర ఇంకో సమస్య, చార్ట్ పాత సర్వే మీద గీసిందైతే జీపీఎస్ సరిగ్గానే ఉన్నా ద్వీపమే కొంచెం పక్కకి ఉంటుంది. అలాంటి చోట శాటిలైట్ ఫోటోలని ఓపెన్‌సీపీఎన్‌లో చార్ట్‌లా వాడతారు, రీఫ్ రంగు స్పష్టంగా తెలుస్తుంది. అయినా లోపలికి పోయేది సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, ఒకరు ముందు నిలబడి నీళ్ళు చూస్తుండగానే.

జీపీఎస్ జామ్ చేస్తున్నారట, అప్పుడేం చేయాలి?

తూర్పు మధ్యధరా, నల్ల సముద్రం, బాల్టిక్, పర్షియన్ గల్ఫ్ వైపు ఇది నిజంగానే జరుగుతోంది. జామింగ్‌లో సిగ్నల్ పోతుంది, స్పూఫింగ్‌లో తప్పుడు చోటు చూపిస్తుంది, ఎక్కడో ఎయిర్‌పోర్ట్ మధ్యలో ఉన్నట్టు బోటు కనబడుతుంది. రెండోదే ప్రమాదం, ఎందుకంటే అలారం రాదు. గంటకోసారి చోటు, దిశ, వేగం కాగితం మీద రాసే అలవాటు ఉంటే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవచ్చు. తీరం కనిపిస్తే చేతి కంపాస్‌తో బేరింగ్‌లు, రాడార్‌తో దూరాలు, డెప్త్ సౌండర్‌తో లోతు, వీటిని చార్ట్‌తో పోల్చండి. జీపీఎస్ దిశ మీద నడిచే ఆటోపైలట్ మోడ్‌ని ఆపి కంపాస్ మోడ్‌లో పెట్టేయాలి.

ఆటోపైలట్ ఎంత పెద్దది పెట్టాలి?

బ్రోషర్‌లో రాసిన బోటు బరువు ఖాళీ బోటుది. నీళ్ళు, డీజిల్, తిండి, పుస్తకాలు, సైకిళ్ళు ఎక్కించాక మీది ఎంతవుతుందో అది చూసి, దానికన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. చక్రానికి తగిలించే వీల్ పైలట్లు తీరం వెంట సరదా ప్రయాణాలకి సరిపోతాయి, వెనకనుంచి పెద్ద అలలు తోస్తుంటే వాటి బెల్టులు, గేర్లు తట్టుకోవు. దూరానికి డెక్ కింద ఉండి చుక్కాని ఇరుసునే నేరుగా తిప్పే లీనియర్ డ్రైవ్ కావాలి. తొమ్మిది అక్షాల హెడింగ్ సెన్సర్ (బోటు ముఖం ఎటు ఉందో, ఎలా ఊగుతోందో చెప్పేది) ఉంటే అల ఎటు తోస్తుందో ముందే పసిగట్టి సరిచేస్తుంది, కరెంటు కూడా ఆదా.

కుటుంబ బోట్‌లో ఇది లగ్జరీ కాదు. ఇద్దరు పెద్దవాళ్ళలో ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరే వంట, పిల్లలు, తెరచాప అన్నీ చూడాలి, మూడు రోజుల్లో ఇద్దరూ పడిపోతారు. అందుకని ఆటోపైలట్‌కి రెండో దారి ఉండాలి. ఒక మార్గం విండ్‌వేన్, కరెంటు అక్కర్లేదు, గాలిని పట్టుకుని నడుస్తుంది, గాలి లేనప్పుడూ ఇంజన్ మీదా పనిచేయదు. ఇంకో మార్గం స్పేర్ డ్రైవ్ యూనిట్ తీసుకెళ్ళడం. ఏది పెట్టినా తెరచాపలు బ్యాలెన్స్‌గా ఉంచండి, చుక్కాని మీద బరువు పడుతుంటే ఎంత మంచి పైలట్ అయినా ఆయాసపడుతుంది. ఆటోపైలట్ వాడుతున్నప్పుడు కళ్ళూ చెవులూ బయటే ఉండాలి, కాల్‌రెగ్స్ (ఓడలు గుద్దుకోకుండా ఉండే అంతర్జాతీయ నియమాలు) 5వ రూల్ చూపుతో, వినికిడితో కాపలా కాయమనే చెబుతుంది.

## మాట్లాడటం, వాతావరణం

స్టార్‌లింక్ ఉంది కదా, మిగతావన్నీ ఎందుకు?

స్టార్‌లింక్ వచ్చాక కుటుంబ ప్రయాణాలు మారిపోయాయి, పిల్లల చదువు, అమ్మమ్మ తాతయ్యలతో వీడియో కాల్, ఆఫీసు పని అన్నీ లంగరు దగ్గర్నుంచే. మినీ డిష్ సగటున 25 నుంచి 40 వాట్లు, స్టాండర్డ్ 75 నుంచి 100 వాట్లు తింటుంది, కాబట్టి మినీయే బోటుకి నయం. కానీ అది ఒక్క కంపెనీ, ఒక్క డిష్, ఒక్క అకౌంట్. బోటు కరెంటు పోతే అదీ పోతుంది. ఏ ప్లాన్ సముద్రం మధ్యలో పనిచేస్తుంది, ఎన్నాళ్ళు పనిచేస్తుంది అనే రూల్స్ మారుతుంటాయి, బయల్దేరే వారం ముందు మళ్ళీ చదవండి. పక్కన పోతున్న ఓడకి స్టార్‌లింక్‌లో ఫోన్ చేయలేరు, దానికి వీహెచ్ఎఫ్‌లో అందరూ వినే ఛానల్ 16 ఒక్కటే దారి. కనీసం సొంత బ్యాటరీ ఉన్న చిన్న శాటిలైట్ మెసెంజర్ ఒకటి, ఇరిడియం మీద నడిచేది, పక్కన పెట్టుకోండి. ఇరిడియంకి 66 శాటిలైట్లు ధ్రువం నుంచి ధ్రువం దాకా తిరుగుతుంటాయి.

చాలా దూరం వినిపించే హెచ్ఎఫ్ ఎస్ఎస్‌బీ రేడియో ఇంకా అవసరమా?

కొత్తగా పెట్టించాలంటే ఖర్చెక్కువ, ఇన్సులేటర్లు వేసిన బ్యాక్‌స్టే (మాస్ట్‌ని వెనకనుంచి పట్టే తీగ, అదే యాంటెనా అవుతుంది), ట్యూనర్, మంచి గ్రౌండ్ ప్లేన్ అన్నీ కావాలి, కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టే కుటుంబానికి తప్పనిసరి అనను. బోటుతో పాటే వస్తే మాత్రం తీసేయకండి. ఒకరు మాట్లాడితే అదే దారిలో ఉన్న బోట్లన్నీ వింటాయి, ఆ పలకరింపు పిల్లలకి కూడా ఇష్టం.

వీహెచ్ఎఫ్ ఎంత దూరం వినిపిస్తుంది?

యాంటెనా ఎత్తే అంతా. 16 మీటర్ల మాస్ట్ పైనుంచి, 36 మీటర్ల ఎత్తున యాంటెనా ఉన్న ఓడకి లెక్క ప్రకారం 22 మైళ్ళు వస్తుంది. డెక్ మీద నిలబడి చేతి రేడియోతో ఇంకో చేతి రేడియోకి అయిదారు మైళ్ళే గగనం. 25 వాట్ల రేడియో కొని సన్నటి ఆర్‌జీ 58 కేబుల్ వేస్తే 20 మీటర్లలో సగానికి పైగా పవర్ కేబుల్‌లోనే ఆవిరైపోతుంది. లావుగా ఉన్నా ఆర్‌జీ 213 లాంటిది వేయండి. మాస్ట్ విరిగితే యాంటెనా కూడా పోతుంది కాబట్టి వెనక రెయిలింగ్‌కి తగిలించే స్పేర్ యాంటెనా ఒకటి ఉంచండి.

వాతావరణానికి యాప్ చూస్తే సరిపోతుందా?

యాప్‌లో కనిపించే రంగులు ఎక్కువగా గ్రిబ్ ఫైళ్ళే, అంటే కంప్యూటర్ మోడల్ లెక్క. అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్ మోడల్ రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది, యూరోపియన్ మోడల్ ఇంకొకటి. రెండూ ఒకేమాట చెబితే నమ్మకం పెరుగుతుంది, వేరువేరుగా చెబితే ఆగండి. గ్రిబ్ చూపించేది సగటు గాలి, గస్ట్‌లు దానికన్నా బాగా ఎక్కువ ఉంటాయి, ఉరుముల మేఘాలు, స్క్వాల్‌లు అందులో సరిగ్గా రావు. నెమ్మది లింకు మీద కూడా దిగేలా చిన్న ఫైలు ఈమెయిల్‌తో తెప్పించుకోవడం ముందే నేర్చుకోండి. రేడియోలో వచ్చే మనిషి రాసిన బులెటిన్‌ని కూడా వదలకండి.

అన్ని దేశాల్లోనూ శాటిలైట్ ఫోన్ వాడొచ్చా?

లేదు, ఇది సీరియస్‌గా తీసుకోండి. ఉదాహరణకి భారత్‌లో అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా ఫోన్లు ఉంచుకోవడమే నేరం. స్టార్‌లింక్‌కి కూడా ప్రతి దేశంలో అనుమతి ఉండదు. ఒక్కో దేశంలోకి వెళ్ళేముందు రూల్ చూసి, కస్టమ్స్ దగ్గర దాచకుండా రాసివ్వండి.

## ఆపద వస్తే

ఈపర్బ్, పీఎల్‌బీ, ఏఐఎస్ బీకన్, వీటికి తేడా ఏంటి?

ఈపర్బ్ బోటుది, 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్ సార్సాట్ అనే అంతర్జాతీయ రెస్క్యూ వ్యవస్థ శాటిలైట్లకి చెబుతుంది, కనీసం 48 గంటలు పనిచేస్తుంది, నీళ్ళలో నిటారుగా తేలుతుంది. పీఎల్‌బీ మనిషిది, అవే శాటిలైట్లు, 24 గంటలు, చిన్నది, యాంటెనా ఆకాశం వైపు చేత్తో పట్టుకోవాలి. ఏఐఎస్ బీకన్ శాటిలైట్‌కి ఏమీ చెప్పదు, పక్కనున్న బోట్ల స్క్రీన్ మీద నీళ్ళలో మనిషి ఉన్నచోటు చూపిస్తుంది, మామూలుగా నాలుగైదు మైళ్ళు. మనిషి పడితే ముందుగా తిరిగొచ్చి ఎక్కించుకోగలిగేది మన బోటే కాబట్టి లైఫ్‌జాకెట్‌లో ఏఐఎస్ బీకన్, బోటుకి ఈపర్బ్ అనేది మంచి జోడీ. పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లని శాటిలైట్లు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం మానేశాయి, బోటుతో పాటు అలాంటిది వస్తే నమ్ముకోకండి.

ఈపర్బ్ నొక్కితే అసలు ఏం జరుగుతుంది?

సుమారు 50 సెకన్లకోసారి మీ బీకన్ నంబరు, జీపీఎస్ చోటు పైకి పోతాయి. అది గ్రౌండ్ స్టేషన్, అక్కడ్నుంచి రెస్క్యూ సెంటర్‌కి చేరుతుంది. వాళ్ళు ఆ నంబరు రిజిస్ట్రేషన్ తీసి మీరిచ్చిన ఫోన్ నంబర్లకి కాల్ చేస్తారు. ఆ ఫోన్ ఎత్తేవాళ్ళకి మీ బోటు రంగు, ఎంతమంది ఉన్నారు, ఎటు వెళ్తున్నారు తెలిసుండాలి, అందుకే ప్రయాణం ముందు ఆ వివరాలు మార్చి రాయండి, పిల్లల సంఖ్య తప్పకుండా. ఈ సర్వీస్‌కి నెల చందా ఉండదు. 2020 నుంచి గెలీలియో శాటిలైట్ల ద్వారా మీ సిగ్నల్ అందిందని బీకన్‌కే తిరిగి చెప్పే రకాలు కూడా వచ్చాయి, నడిసముద్రంలో ఆ చిన్న లైటు ఇచ్చే ధైర్యం తక్కువేం కాదు. పొరపాటున ఆన్ అయితే గప్‌చుప్‌గా ఆపేయకండి, వెంటనే కోస్ట్ గార్డ్‌కి ఫాల్స్ అలారం అని చెప్పండి, ఎవరూ కోప్పడరు.

పిల్లలు నీళ్ళలో పడితే మోగే అలారాలు పనిచేస్తాయా?

చేతికో నడుముకో కట్టే ట్యాగ్‌లు సిగ్నల్ తెగగానే మోగుతాయి, మంచివే. కానీ అవి పడిన తర్వాతి సంగతి. పడకుండా ఉండటానికి హార్నెస్, టెథర్ (హార్నెస్‌ని బోటుకి కలిపే పట్టీ), డెక్ పొడవునా కట్టిన జాక్‌లైన్, రెయిలింగ్ వల, ఇవి ఎలక్ట్రానిక్స్ కన్నా ముందు. రాత్రి కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళెవరైనా, పెద్దవాళ్ళతో సహా, క్లిప్ పెట్టుకోవాలి. అసలు నా భయం పిల్లల గురించి కన్నా రాత్రి ఒంటరిగా వాచ్‌లో ఉన్న అమ్మో నాన్నో పడిపోవడం గురించే, అందుకే మొదటి ట్యాగ్ వాళ్ళకి పెట్టండి.

పిల్లలకి ఏం నేర్పాలి, ఏ వయసులో?

చదవడం వచ్చిన పిల్లలకి వీహెచ్ఎఫ్ నేర్పొచ్చు. రేడియో పక్కన పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి: మూత ఎత్తి ఎర్ర బటన్ బీప్‌లు ఆగేదాకా నొక్కి పట్టుకో, తర్వాత ఛానల్ 16లో మైక్ నొక్కి మేడే మూడుసార్లు, బోటు పేరు, స్క్రీన్ మీద కనిపించే అంకెలు, ఏమైంది, ఎంతమందిమి. అదే కాగితం మీద బోటు తొమ్మిది అంకెల ఎంఎంఎస్ఐ నంబరు (రేడియోలో బోటు గుర్తింపు). బటన్ నిజంగా నొక్కకుండా మిగతాదంతా ఆటలా నెలకోసారి చేయించండి. ఇంజన్ ఆపడం, ఆటోపైలట్ స్టాండ్‌బై బటన్, మనిషి పడిన చోటు గుర్తుపెట్టే ఎమ్ఓబీ బటన్ ఎక్కడున్నాయో కూడా చూపించండి. పిల్లలు ఇవి మనకన్నా గట్టిగా గుర్తుపెట్టుకుంటారు.

పిడుగు పడితే అన్నీ కాలిపోతాయా?

నేరుగా పడితే చాలావరకు పోతాయి, పూర్తి గ్యారంటీ ఇచ్చే ఉపాయం ఏదీ లేదు. ఉరుములు దగ్గరపడితే చేతి జీపీఎస్, చేతి వీహెచ్ఎఫ్, శాటిలైట్ మెసెంజర్, ఒక ట్యాబ్లెట్ తీసి ఆరిపోయి చల్లగా ఉన్న ఇనుప ఓవెన్‌లో పెట్టడం నావికుల పాత అలవాటు, దానివల్ల అవి మిగిలే అవకాశం పెరుగుతుంది. ఓవెన్ తలుపు మీద అవి ఉన్నాయని చీటీ అంటించడం మర్చిపోకండి.

## బిగించేటప్పుడు

వైరింగ్ మేమే చేసుకోవచ్చా?

చేసుకోండి, కనీసం బిగించేవాళ్ళ పక్కన నిలబడి ప్రతి వైరూ చూడండి, సముద్రం మధ్యలో రిపేర్ చేసేది మీరే కదా. తగరం పూత ఉన్న రాగి వైరు, సరైన క్రింపర్, లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్, రెండు చివర్లా లేబుల్. నావిగేషన్ సామాన్లకి వోల్టేజ్ 3 శాతం కన్నా పడిపోకుండా వైరు లావు ఎంచుకోండి. ఆటోపైలట్ మోటరుకి సన్న వైరు వేస్తే మామూలుగా బాగానే ఉండి, అలలు పెరిగి గట్టిగా లాగాల్సిన క్షణంలోనే ఆగిపోతుంది.

ఒక్కోసారి స్క్రీన్ల మీద డేటా మొత్తం మాయమవుతోంది, ఎందుకు?

ఎన్ఎమ్ఈఏ 2000 అయితే ముందు టెర్మినేటర్లు చూడండి. వెన్నెముక కేబుల్‌కి రెండు చివర్లా ఒక్కొక్కటి, మొత్తం రెండే ఉండాలి, ఒక్కోటి 120 ఓమ్‌లు. పవర్ ఆపి రెండు డేటా వైర్ల మధ్య మీటర్ పెడితే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే ఒకటి ఊడింది, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. పక్క కొమ్మలు 6 మీటర్లు దాటకూడదు. ఇవన్నీ బాగుంటే ఒక్కో సామాను తీసేస్తూ చూడండి.

లైట్లు వేయగానే వీహెచ్ఎఫ్‌లో గొడవ శబ్దం, ఏఐఎస్‌లో ఓడలు తగ్గిపోతున్నాయి?

ఎల్ఈడీ బల్బులే కారణం అయ్యుండొచ్చు. దీని మీద 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ హెచ్చరిక కూడా ఇచ్చింది. రేడియోని ఖాళీ ఛానల్‌లో పెట్టి, స్క్వెల్చ్ (ఖాళీ గోలని ఆపే నాబ్) శబ్దం సరిగ్గా ఆగేచోట ఉంచి, ఒక్కో లైటూ వేయండి. ఏ లైటుకి శబ్దం తిరిగొస్తే ఆ బల్బు మార్చండి.

## బయల్దేరాక

ఏ స్పేర్లు తీసుకెళ్ళాలి?

ఆటోపైలట్ హెడింగ్ సెన్సర్, రడ్డర్ ఫీడ్‌బ్యాక్ యూనిట్ (చుక్కాని ఎంత తిరిగిందో చెప్పేది), డ్రైవ్ మోటరు బ్రష్‌లు, ఫ్యూజులు అన్ని సైజులూ, ఒక జీపీఎస్ యాంటెనా, నెట్‌వర్క్ టీ ముక్కలు, టెర్మినేటర్లు, మంచి మల్టీమీటర్. మాన్యువల్స్ అన్నీ ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా రెండు చోట్ల ఉంచండి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది, చేసేయమంటారా?

పెద్ద ప్రయాణం ముందు రోజు చేయొద్దు. లంగరు వేసి తీరికగా ఉన్న వారంలో చేసి, ఒక రోజంతా తీరం దగ్గర నడిపి చూడండి. అప్‌డేట్ తర్వాత అలారం సెట్టింగులు, లోతు ఆఫ్‌సెట్, ఏఐఎస్ ఫిల్టర్లు పాతవే ఉన్నాయా అని చూసుకోవాలి, కీల్ (బోటు అట్టడుగు భాగం) కింద ఎంత నీళ్ళున్నాయో చూపే అంకె మారిపోతే చాలా ప్రమాదం. ముందే సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసిపెట్టుకోండి.

ప్రయాణం అయిపోయింది, బోటు అమ్మేస్తున్నాం. సామాన్లతో పాటే ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ ఈపర్బ్ రిజిస్ట్రేషన్ మీ పేరు మీంచి తీయించి కొన్నవాళ్ళ పేరు మీదికి మార్పించండి, లేకపోతే వాళ్ళకి ఆపద వచ్చినప్పుడు ఫోన్ మీ ఇంట్లో మోగుతుంది. ఎంఎంఎస్ఐ నంబరు బోటు జెండా ఏ దేశానిదో ఆ దేశం ఇచ్చేది, జెండా మారితే నంబరూ మారాలి. చాలా ఏఐఎస్, వీహెచ్ఎఫ్ పరికరాల్లో ఆ నంబరు వాడేవాళ్ళు ఒక్కసారే ఎక్కించగలరు, తర్వాత డీలరో కంపెనీయో రీసెట్ చేయాలి, ఆ సంగతి కొనేవాళ్ళకి ముందే చెప్పండి. లైఫ్‌జాకెట్లలో ఉన్న పీఎల్‌బీలు మాత్రం మనుషుల పేరు మీద ఉంటాయి, మీతోనే తీసుకెళ్ళిపోండి.